అగ్రిమెంటులో మన పిల్లలు ఎక్కడున్నారు?

"సర్కారుకూ బడికీ నడుమ బాకీ ఉంటే నా బిడ్డ పెట్టెను గేటు బయట ఎందుకు పెట్టాల సారూ?"

2025లో దసరా సెలవులు అయిపోయాక ఆలంపూర్ చౌరస్తాలో ఒక తల్లి మమ్మల్ని అడిగిన మాట ఇది. పక్కన రేకు పెట్టె, చాప, బకెట్టు. పెట్టె మీద కూచుని ఆరో తరగతి పిల్ల. పొద్దున్నే హాస్టల్లో దించొద్దామని పోతే గేటు కాడనే ఆపారట. "పైసలు పడ్డంక తోల్కరా" అన్నారట. ఆడోళ్ళకు బస్సు ఉచితం కాబట్టి చార్జీ మిగిలింది, ఒక రోజు కూలి మాత్రం పోయింది. ఇది ఒక్క తల్లి గోస కాదు. ఆ అక్టోబరులో తెలంగాణలోని పలు జిల్లాల్లో ఇదే జరిగింది. బకాయిలు రాలేదని ప్రైవేటు బడులు మన పిల్లల్ని వాకిట్లో నిలబెట్టాయి. తల్లిదండ్రులు పిల్లల్ని వెంటేసుకుని కలెక్టరేట్ల ముందు కూచున్నారు.

ఆ పిల్ల చదివేది బెస్ట్ అవైలబుల్ స్కూలు పథకం కింద. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాం. ఎస్సీ, ఎస్టీ పిల్లల్లో కొందరిని కలెక్టరు ఆఫీసులో లాటరీ తీసి ఎంపిక చేస్తారు. జిల్లాలో ఎంచిన కొన్ని ప్రైవేటు బడుల్లో చేర్పిస్తారు. రోజూ ఇంటి నుంచి పొయ్యొచ్చే పిల్లకు ఒక రేటు, హాస్టల్లో ఉండే పిల్లకు ఒక రేటు చొప్పున సర్కారు బడికి కడుతుంది. పథకం పేరును తెలుగులో చెప్పుకుంటే "దొరికినవాటిల్లో మంచి బడి". దొరికినవాటిల్లో మంచివి ప్రైవేటు బడులేనని సర్కారే రాసిచ్చింది! తన బడుల మీద తనకు నమ్మకం లేదని ఇంత నిజాయితీగా ఒప్పుకున్న పథకం ఇంకొకటి మాకైతే కనపడలేదు.

సరే, పథకం పెట్టారు, పిల్లలు చేరారు. బడికీ సర్కారుకూ నడుమ షరతులు ఉంటాయి. ఆ షరతులేమిటి? ఎన్ని రోజుల్లో పైసలు కట్టాలి? కట్టకపోతే ఏం కావాలి? పిల్లను పంపించెయ్యొచ్చా? మేము అడిగిన ఏ తల్లికీ ఏ తండ్రికీ ఆ కాగితం చూపించినవాళ్ళు లేరు.

అగ్రిమెంటు అనే మాట మన పాలమూరోళ్ళకు కొత్త కాదు. మన తాతలు అప్పు కింద కొడుకుని జీతానికి పెట్టి కాగితం మీద వేలిముద్ర వేశారు. ఆ కాగితం దొర పెట్టెలో ఉండేది. ఎంత తీరిందో ఎంత మిగిలిందో దొర చెప్పిందే లెక్క. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చాక కాగితాలు చెల్లవన్నారు. తర్వాత గుంపు మేస్త్రీ వచ్చాడు. అడ్వాన్సు ఇచ్చి ఆలుమగల్ని కలిపి లారీ ఎక్కించాడు. వలస కూలీ చేతికి పాస్‌బుక్కు ఇవ్వాలని 1979 చట్టం చెప్పింది. డ్యాముల మీద, కాలువల మీద పని చేసొచ్చిన మనవాళ్ళల్లో ఆ బుక్కు చూసినవాళ్ళు ఎందరు? ఇప్పుడు గద్వాల, అయిజ, ఆలంపూర్ పక్క సీడ్ పత్తి ఉంది. ఆర్గనైజరు విత్తనం ఇస్తాడు, పెట్టుబడి ఇస్తాడు, వడ్డీ రాసుకుంటాడు. పంట తీసుకుపోయాక పరీక్షలో గింజ ఫెయిలయిందంటే నష్టం రైతు మీద పడుతుంది. అగ్రిమెంటు నకలు అడిగితే "నీకెందుకు, నా దగ్గర భద్రంగా ఉంటది" అంటాడు.

వీటన్నిటి పోలికా ఒకటే. కాగితం ఒకరి దగ్గర, నష్టం ఇంకొకరి దగ్గర. బడి అగ్రిమెంటు వీటికన్నా ఒక అడుగు ముందుకు పోయింది. ఇందులో మనచేత వేలిముద్ర కూడా వేయించుకోలేదు. అధికారులూ మేనేజిమెంటూ మాట్లాడుకున్నారు. మన పిల్లలు అందులో ఒక లెక్క మాత్రమే. తలకు ఇంత అని.

మేనేజిమెంటు వాళ్ళ మాట కూడా విన్నాం. "మా అగ్రిమెంటు సర్కారుతో. వాళ్ళు తప్పితే మేమూ తప్పుతాం. బియ్యం ఎక్కడ తేవాలి, టీచర్లకు జీతాలు ఎట్లా ఇయ్యాలి?" అంటున్నారు. బజారు లెక్కన ఆ మాటలో తప్పు పట్టలేం. ఏడాదుల తరబడి బిల్లులు ఆపే సర్కారుదే మొదటి తప్పు. ఒప్పందంలో పక్షం కానివాడు ఆ ఒప్పందం మీద మామూలుగా దావా వెయ్యలేడని కోర్టులు కూడా అంటాయి. అంటే ఆ తల్లి పోయి "అగ్రిమెంటు ప్రకారం నా బిడ్డను లోపలికి రానియ్యి" అని అడగటానికి లేదు.

కానీ ఆ తల్లి అగ్రిమెంటు ప్రకారం అడగనక్కర లేదు. ఈ సంగతి మన సంఘాల వాళ్ళకే సరిగ్గా తెలియక "దయచేసి చేర్చుకోండి" అని మేనేజిమెంట్లను బతిమాలుకుంటున్నారు. పిల్లకు బడిలో ఉండే హక్కు చట్టం నుంచి వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో 14 ఏళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మీద వేసిన కేసే. 2002లో రాజ్యాంగంలో 21ఎ అధికరణం చేరింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం 16వ సెక్షను ఏమంటుందంటే, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి వెళ్ళగొట్టకూడదు. 2019లో ఈ సెక్షనును సవరించారు. అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఫెయిలయిన పిల్లల్ని ఆపెయ్యొచ్చని రాసుకున్నారు. మనకు ఇష్టం లేని సవరణే. అయితే ఆ సవరణలో కూడా వెళ్ళగొట్టకూడదన్న మాటను ముట్టుకోలేదు. ఫీజు బాకీ ఉంటే వెళ్ళగొట్టొచ్చని ఎక్కడా మినహాయింపు లేదు.

17వ సెక్షను పిల్లల్ని కొట్టటాన్నే కాదు, మానసికంగా హింసించటాన్ని కూడా నిషేధించింది. తోటి పిల్లలు క్లాసులోకి పోతుంటే "స్కీము పిల్లలు పక్కకు నిలబడండి" అనటం హింస కాక ఇంకేమిటి? అంబేద్కర్ చిన్నప్పుడు బడికి గోనె సంచి తీసుకుపోయి దాని మీద విడిగా కూచోవలసి వచ్చింది. ఇప్పుడు గోనె సంచి లేదు. హాజరు పట్టీలో పేరు పక్కన పథకం పేరు రాసి ఉంటుంది, అంతే తేడా.

టీసీ సంగతి కూడా చూద్దాం. బకాయి కట్టేదాకా టీసీ ఇవ్వమని బెదిరిస్తారు. 5వ సెక్షను ప్రకారం సర్కారు బడికి మారాలనుకున్న పిల్లకు హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇచ్చెయ్యాలి. టీసీ రాలేదని కొత్త బడి వాళ్ళు చేర్చుకోకుండా ఆపటానికి కూడా వీల్లేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది పిల్లలు ఒక సంవత్సరం ఇంట్లో కూచున్నారో! మన తావున ఇంట్లో కూచోవటం అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. సీడ్ పత్తి చేలల్లో పూలు గిల్లటానికి చిన్న వేళ్ళే కావాలంటారు. ఆడపిల్లలయితే మరీ మంచిదంటారు. గేటు దగ్గర ఆగిన పిల్ల చేనుకు పోవటానికి ఒక్క రాత్రి చాలు. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 49.87 శాతం, తెలంగాణ జిల్లాలన్నిటికన్నా తక్కువ. ఈ అంకె చూపించి మనల్ని వెనకబడ్డవాళ్ళంటారు. గేటు మూసింది ఎవరో ఆ అంకెలో కనపడదు.

ఇదే చట్టంలో 12వ సెక్షను ఉంది. ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నాలుగింట ఒక వంతు సీట్లు బడుగు పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. 2012లో సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందని తీర్పిచ్చింది. తెలంగాణ వచ్చి పదేళ్ళు నిండేదాకా ఇక్కడ ఇది అమలు కాలేదు. మాకు గురుకులాలున్నాయి, ఆ పైసలు ప్రైవేటుకెందుకు అని పాలకులు వాదించారు. ఆ వాదన నిజంగా నమ్మినవాళ్ళయితే బెస్ట్ అవైలబుల్ స్కూళ్ళకు ఎట్లా పంపించారు? హక్కుగా వచ్చే సీటు వద్దు, లాటరీలో తగిలే సీటు ముద్దు. హక్కయితే అడుగుతాం, లాటరీ అయితే దండం పెడతాం. అదీ తేడా.

పైసలు సర్కారువి, పెత్తనం ప్రైవేటుది అనే ఈ ఏర్పాటు ఒక్క మన దగ్గరే లేదు. అమెరికాలో 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటిసారి చట్టం చేసింది. వాటిని చార్టర్ బడులంటారు. చార్టర్ అంటే అక్కడ బడికీ సర్కారు తరఫు సంస్థకూ నడుమ రాసుకునే ఒప్పందమే. ఆ దేశాన్ని చూసి నేర్చుకోవాలని మేము చెప్పటం లేదు. ఈ బడులు పిల్లల్ని ఏరుకుంటున్నాయని, సర్కారు బడుల పైసలు లాక్కుంటున్నాయని అక్కడి నల్లవాళ్ళ పెద్ద సంఘం ఎన్‌ఏఏసీపీ 2016లో కొత్తవాటిని ఆపమని తీర్మానం చేసింది. అయినా ఒక సంగతి గమనించాలి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం చార్టర్‌లో కొన్ని విషయాలు తప్పకుండా రాయాలి. పిల్లల్ని ఎట్లా చేర్చుకుంటారు, ఏ పద్ధతిలో తప్ప సస్పెండు చెయ్యకూడదు, గొడవ వస్తే ఎవరు తీరుస్తారు, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు, చివరికి బడి మూతపడితే పిల్లల రికార్డులు ఎక్కడికి పోతాయి, ఇవన్నీ. బడి పెట్టేటప్పుడే బడి మూసేరోజు గురించి రాయిస్తారు. ఫీజు వసూలు చెయ్యకూడదు. సీట్లకన్నా ఎక్కువమంది వస్తే లాటరీ తియ్యాలి. మన అధికారులు లాటరీ ఒక్కటి మాత్రం పట్టుకున్నారు.

మన దగ్గర షరతులు లేవా అంటే ఉన్నాయి. 1982 విద్యా చట్టం ఉంది. దాని కింద 1994 జనవరి 1న వచ్చిన 1వ నెంబరు జీవో ఉంది. ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో సగం టీచర్ల జీతాలకు పోవాలని, మేనేజిమెంటు ఆదాయంగా 5 శాతమే ఉంచుకోవాలని అందులో రాశారు. అయిదు శాతం! చదివి నవ్వుకోకండి. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా అని విద్యాహక్కు చట్టం 18వ సెక్షను చెబుతుంది. మన రాష్ట్రంలో చట్టాలకు కరువు లేదు. వాటిని అగ్రిమెంటులోకి తెచ్చి, నకలు తల్లి చేతిలో పెట్టేవాడే లేడు.

సర్కారు అనుమతి అనేదాన్ని ఎటు తిప్పితే అటు తిరుగుతుందని ఈ నేల మీద ముందే చూశాం. ఆలంపూర్ నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు ఖానగీ బడి పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలనే నిబంధన వచ్చి ఊళ్ళల్లో చిన్న చిన్న తెలుగు బడులు మూతపడ్డాయి. దాన్ని ఎత్తెయ్యమని ఆంధ్ర మహాసభలు తీర్మానాలు చేశాయి. అదే రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాదులో మన పిల్లల కోసం బడులు పెట్టుకుంటూ పోయాడు. ఫీజు కోసం కాదు, పై కులాల బడుల్లో మనల్ని కూచోనియ్యలేదు కాబట్టి పెట్టాడు. తర్వాత ఆ బడుల్ని సర్కారు తన చేతికి తీసుకుంది. రైతు చెమట నుంచి వచ్చిన శిస్తు పై కులాల చదువుకు పోతోందని, పేదల ప్రాథమిక చదువు సర్కారు బాధ్యత అని జ్యోతిరావు ఫూలే 1882లోనే హంటర్ కమిషను ముందు చెప్పాడు.

దీన్ని పట్టుకునే మనలో కొందరు మిత్రులు మాతో వాదిస్తున్నారు. "ప్రైవేటు బడితో షరతులు మాట్లాడటమే తప్పు. షరతులు బాగు చేస్తే పథకం నిలబడుతుంది, పథకం నిలబడితే సర్కారు బడి చస్తుంది. ఉన్న పైసలన్నీ గురుకులాల్లో పెట్టమని కొట్లాడాలి" అంటున్నారు. నల్గొండ జిల్లా సర్వేలులో 1971లో మొదటి గురుకులం పెట్టినప్పుడు అది సర్కారు సొంత బడి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మన పిల్లలు ఎక్కడెక్కడికి పోయారో అందరికీ తెలుసు. అసలు కోరిక అదే, అందులో మాకూ వాళ్ళకూ తేడా లేదు. కానీ ఆ పోరాటం గెలిచేదాకా రేకు పెట్టె మీద కూచున్న పిల్లకు ఏం చెప్పాలి? సిద్ధాంతం తేలేదాకా చేనుకు పొమ్మందామా? పథకం ఉండాలా పోవాలా అనేది ఒక మాట. ఇప్పటికే అందులో ఉన్న పిల్ల పదో తరగతి దాటేదాకా ఆమెను ఎవరూ కదపకూడదనేది ఇంకో మాట. రెండోది మొదటిదాని కోసం ఆగదు.

కాబట్టి అగ్రిమెంటులో ఏముండాలో మేము అనుకుంటున్నది రాస్తున్నాం. అన్నిటికన్నా ముందు బాకీ సంగతి. సర్కారు ఫలానా తేదీ లోపల కట్టాలి, తప్పితే బడికి వడ్డీ ఇవ్వాలి. బడి సర్కారు మీద కేసు వేసుకోవచ్చు, కలెక్టరు ఆఫీసు ముందు టెంటు వేసుకోవచ్చు, మేము కూడా వచ్చి కూచుంటాం. పిల్లను మాత్రం క్లాసు నుంచి, హాస్టలు నుంచి, పరీక్ష నుంచి ఆపకూడదు. ఆపితే ఆ రోజే చర్య. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది, పథకం పదో తరగతి దాకా ఉంటుంది. తొమ్మిది, పది పిల్లలకు చట్టం రక్షణ లేదు కాబట్టి ఈ మాట అగ్రిమెంటులోనే రాయాలి. నిజానికి ఎక్కువ బెదిరింపు పదో తరగతి పిల్లలకే. 

పుస్తకాలు, బట్టలు, పరీక్ష ఫీజు ఎవరు పెట్టుకోవాలో రాయాలి. లేకపోతే "అది స్కీములో లేదు" అని నెలకొకటి అడుగుతారు. విడి సెక్షను, విడి పంక్తి, విడి గది పనికిరాదని రాయాలి. తల్లిదండ్రుల కమిటీ ఉండాలి. చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. ప్రైవేటు బడికి అది వర్తించదంటారు. సర్కారు పైసలు తీసుకున్నంత మేరకయినా ఎందుకు వర్తించకూడదు?

బడిని పథకం నుంచి తీసేస్తే పిల్లలు ఎక్కడికి పోవాలో కూడా ముందే రాయాలి. ఫలానా గురుకులంలో ఫలానా తరగతిలో సీటు అని. ఇది గొంతెమ్మ కోరిక అంటారేమో. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి మన ఆలంపూర్లో మళ్ళీ నిలబెట్టింది ఈ సర్కారే. ఏ రాయి పక్కన ఏ రాయో లెక్క తప్పలేదు. మునిగిన ఊళ్ళ మనుషులకు మాత్రం ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు, పరిహారం కోసం ఏండ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. మనసుంటే లెక్క రాయగలరని ఆ గుడే సాక్ష్యం.

ఈ అగ్రిమెంటు తెలుగులో ఉండాలి, బడి గోడ మీద అంటించాలి, చేర్చుకున్న రోజే ఒక నకలు తల్లి చేతిలో పెట్టాలి. 2009 ఎన్నికల నుంచి ఆలంపూర్ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మన ఓట్లతో అసెంబ్లీకి పోయినవాళ్ళు ఈ ఒక్క నకలు సంగతి అడిగినా చాలు.

అడుగుతారని కూచోకుండా మేము ఒక పని చేశాం. సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఎస్సీ అభివృద్ధి అధికారికి గద్వాలలో దరఖాస్తు ఇచ్చాం. ఫీజు 10 రూపాయలు. మండల ఆఫీసులో అయితే 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు, దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్ళకు ఎక్కడా లేదు. జిల్లాలో ఈ పథకంలో ఉన్న బడుల పేర్లు, ఒక్కో బడితో చేసుకున్న అగ్రిమెంటు నకలు, ఆ బడుల గుర్తింపు కాగితాలు, గత మూడేళ్ళలో ఏ తేదీన ఎంత కట్టారు ఎంత బాకీ, ఏ అధికారి ఎప్పుడు పోయి తనిఖీ చేశాడు, ఇవీ అడిగాం. ఎట్లాంటి అందమైన భాషా అక్కర లేదు, తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. రసీదు తప్పకుండా తీసుకోండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపల పై అధికారికి అప్పీలు వెయ్యాలి.

ఇటు వనపర్తి, నాగర్‌కర్నూల్, అటు నల్గొండ పక్క సంఘాల వాళ్ళు కూడా తమ జిల్లాల్లో ఇదే దరఖాస్తు వెయ్యండి. నకలు మాకు పంపండి. వచ్చిన అగ్రిమెంట్లను ఈ పత్రికలోనే వరసగా అచ్చేస్తాం. జవాబు రాని జిల్లా పేరు కూడా అచ్చేస్తాం.